పర్లాకిమిడి పాత ఇంట్లో గోడ నాలుగడుగుల దాకా నెమ్మెక్కింది. టైల్స్ వేయమంటున్నారు, వేయొచ్చా?

కొత్తవీధి_పాతిల్లు (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. ఇల్లు తాతల నాటిది. ముందు భాగం పెంకుటిల్లు, వెనక రెండు గదులు మిద్దె. గోడలు 15 అంగుళాల మందం, ఇటుక, సున్నంతో కట్టినవి. వీధి వైపు గోడ 30 అడుగుల పొడవు. సమస్యంతా దానితోనే.

వీధిలో రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయారు. ఇప్పుడు ఇంట్లో నేల రోడ్డు కన్నా 4 అంగుళాలే ఎత్తు. గోడను ఆనుకునే మున్సిపాలిటీ కాలువ. కొన్నేళ్ల కిందట పాత సున్నపు పూత కొట్టేసి, 3 అడుగుల ఎత్తు దాకా సిమెంటు ప్లాస్టరింగ్ చేయించి, లప్పం పెట్టి ఎమల్షన్ వేయించాం. ఇప్పుడు ఆ సిమెంటుకు పైన, 4 అడుగుల దగ్గర కొత్తగా చెమ్మ గీత కనిపిస్తోంది. కింద లప్పం ఉబ్బి పెచ్చులు ఊడుతున్నాయి, గీకితే తెల్లటి పొడి రాలుతోంది. వెనక మిద్దె గదిలో పై మూల కూడా నల్లబడింది. వంటింట్లో ఈ గోడకే ఉన్న స్విచ్‌బోర్డు ముట్టుకుంటే కొద్దిగా జిల్లుమంటోంది.

ఒక కాంట్రాక్టరు 5 అడుగుల దాకా టైల్స్ వేస్తే సరిపోతుందంటున్నారు. ఇంకొకరు వాటర్‌ప్రూఫ్ సిమెంటు పూత అంటున్నారు. మూడో ఆయన గోడకు బెజ్జాలు పెట్టి మందు ఎక్కిస్తానంటున్నారు. పెరటి వైపు స్థలం ఉంది, తవ్వుకోవచ్చు. ఏది ముందు చేయాలి, ఏది అసలు చేయకూడదు?


తాపీ_గంజాం (బరంపురం)

అన్నిటికన్నా ముందు ఆ స్విచ్‌బోర్డు. జిల్లుమంటోందంటే తడి గోడలోకి కరెంటు దిగుతోందని అర్థం. ఇవాళే మెయిన్ ఆపించి ఆ బోర్డు కనెక్షన్ విప్పించేయండి. తర్వాత ఎలక్ట్రీషియన్‌తో ఇంటి మొత్తానికీ 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు ఎక్కడైనా కారితే తనంతట తానే ఆపేసే స్విచ్) పెట్టించి, ఎర్తింగ్ పరీక్ష చేయించండి. గోడ ఆరేదాకా దాని లోపల వైరు ఉండకూడదు. పైకప్పు దగ్గర నుంచి పీవీసీ పట్టీలో గోడ మీదుగా దింపుకోండి. ఉలీ సుత్తీ పట్టుకునే పని ఏదైనా ఇది అయ్యాకే.

ఇక టైల్స్ విషయం. వద్దండి. వాటర్‌ప్రూఫ్ సిమెంటు కూడా వద్దు. కారణం మీ గోడ మీదే కనిపిస్తోంది. దీపం వత్తి నూనె పీల్చినట్టు పాత ఇటుక నేలలోంచి నీళ్లు పైకి లాగుతుంది. ఆ నీళ్లు గోడ ముఖం మీద నుంచి ఆవిరైపోవాలి. ఎక్కే నీళ్లూ ఆరే నీళ్లూ సమానమైన ఎత్తులో చెమ్మ ఆగిపోతుంది. పాత సున్నపు పూత ఉన్నప్పుడు ఆ పని కింది అడుగు, రెండడుగుల్లోనే జరిగిపోయేది. మీరు 3 అడుగుల దాకా సిమెంటు, లప్పం, ఎమల్షన్ అని మూడు మూతలు వేశారు. నీళ్లు ఆగలేదు, ఆరే చోటు వెతుక్కుంటూ 4 అడుగులకు ఎక్కాయి. 5 అడుగుల దాకా టైల్స్ వేస్తే 6 అడుగుల దగ్గర కనిపిస్తుంది. ఈలోగా టైల్స్ వెనకాల గుమ్మాల చెక్క నానుతుంది, చెదలు పడతాయి. అది బయటికి కనపడదు, గుమ్మం వంగినప్పుడే తెలుస్తుంది.

లప్పం ఉబ్బడానికి నేరుగా కారణం నీరు కాదు, ఉప్పు. నేలలో, కాలువ మురుగులో ఉన్న లవణాలను నీరు మోసుకొస్తుంది. నీరు ఆరిపోయాక లవణం స్ఫటికం కట్టి పెరుగుతుంది, పెరుగుతూ పూతను వెనక నుంచి నెడుతుంది. అందుకే ఎంత ఖరీదైన లప్పం పెట్టినా రెండు వానాకాలాలు దాటదు.

మీరు తప్పకుండా చేయాల్సింది ఆ సిమెంటు ప్లాస్టరు మొత్తం తీసేయడం. చెమ్మ గీతకు పైన ఇంకో అడుగు కలిపి, అంటే 5 అడుగుల దాకా. డ్రిల్లింగ్ మెషిన్ సుత్తి వాడనివ్వకండి, పాత సున్నపు సందులు కదిలిపోతాయి. చిన్న ఉలి, రెండు పౌన్ల సుత్తి చాలు. రాలిన పెచ్చులు అదే రోజు ఇంటి నుంచి దూరంగా పారేయించండి. గోడ మొదట్లో కుప్ప పోస్తే వానకు ఆ ఉప్పంతా మళ్లీ నేలలోకే దిగుతుంది.


సివిల్_రాయగడ (రాయగడ)

పైన చెప్పినదంతా సరే. కానీ పగలగొట్టే ముందు నీళ్లు ఏ దారిన వస్తున్నాయో తేల్చుకోండి. మీ వివరాలను బట్టి ఒక్క దారి కాదు. కింద నుంచి ఎక్కేది ఒకటి, కాలువ కారుతుంటే అది రెండోది, మిద్దె మూల నల్లబడటం పూర్తిగా వేరే జబ్బు. అన్నిటికీ ఒకే మందు వేస్తే ఏదీ తగ్గదు.

సూదులు గుచ్చి చూసే తేమ మీటర్ తెచ్చి గోడ మీద పెట్టి 90, 100 అని చూపిస్తారు కొందరు. అది కొలిచేది విద్యుత్ ప్రవాహాన్ని. గోడలో ఉప్పు ఉంటే ఆరిన గోడ కూడా తడిగానే చూపిస్తుంది. మీ గోడ నిండా ఉప్పే కాబట్టి ఆ అంకెను లెక్కలోకి తీసుకోవద్దు.

నమ్మదగ్గ పద్ధతి చవకైనదే. 8 మి.మీ. బిట్టుతో గోడలో అర అడుగు, 2 అడుగులు, 4 అడుగులు, 6 అడుగుల ఎత్తుల్లో ఒకే నిలువు గీత మీద బెజ్జాలు వేయండి. ఇటుకలో వద్దు, రెండు వరసల మధ్య సున్నపు సందులో వేయాలి. డ్రిల్ మెల్లగా తిప్పాలి, బిట్టు వేడెక్కితే పొడిలో తేమ అక్కడే ఎగిరిపోతుంది. మొదటి అంగుళం పొడి పారేసి, 3, 4 అంగుళాల లోతు నుంచి వచ్చిన పొడిని ఒక్కో ఎత్తుకు ఒక్కో పాలిథిన్ సంచిలో పట్టి వెంటనే మూతి కట్టేయండి. 30 గ్రాములు సరిపోతుంది. పదో వంతు గ్రాము చూపించే తక్కెడ, అంటే నగల షాపులో వాడే లాంటిది, కావాలి. తడి బరువు రాసుకుని, ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర బరువు ఇక తగ్గనంత వరకు ఆరబెట్టి మళ్లీ తూచండి. తగ్గిన బరువును ఆరిన బరువుతో భాగించి 100తో హెచ్చించాలి. ఉదాహరణకు 30 గ్రాములు 27.6 అయితే తగ్గింది 2.4, అంటే సుమారు 8.7 శాతం. 5 శాతం దాటితే గోడ తడిగా ఉన్నట్టే. ఇంట్లో నెమ్ము లేని లోపలి గోడ నుంచి కూడా ఒక నమూనా తీయండి, పోల్చుకోవడానికి.

అంకెలు కింద ఎక్కువగా ఉండి పైకి పోయేకొద్దీ తగ్గుతూ, 6 అడుగుల దగ్గర లోపలి గోడతో సమానమైతే అది నేల నుంచి ఎక్కే నెమ్మే. అన్ని ఎత్తుల్లో ఒకేలా ఉంటే, లేదా మధ్యలో ఎక్కడో ఎక్కువ ఉంటే బయటి నుంచి వాన దూరుతోంది, లేదంటే పైపు కారుతోంది.

పైపు అనుమానం తీరడానికి ఓవర్‌హెడ్ ట్యాంకు నింపి, కుళాయిలన్నీ కట్టేసి, రాత్రి నీటి మట్టం దగ్గర గీత పెట్టండి. తెల్లారి మట్టం దిగితే ఎక్కడో కారుతోంది. కాలువకు కూడా ఇలాంటి పరీక్షే. వాన లేని రోజు చూసి, మీ గోడ పొడవునా 10 అడుగుల కాలువను రెండు వైపులా మట్టి బస్తాలతో అడ్డగట్టి నీళ్లు నింపి రెండు గంటలు చూడండి. ఒక వేలు మందం కన్నా ఎక్కువ దిగితే కాలువ అడుగో, మీ వైపు పక్కగోడో కారుతోంది. అప్పుడు ఆ నీళ్లు నేరుగా మీ పునాదికే అందుతున్నాయి. అది ఆగకుండా లోపల ఏం చేసినా ఖర్చు దండగ.


చూరునీళ్లు (గుణుపురం)

పెంకుటిల్లు అన్నారు కాబట్టి ఒక మాట. చూరు ఎంత ముందుకు ఉంది? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత మన వైపు చాలా ఇళ్లలో ఎగిరిపోయిన పెంకుల చోట రేకులు వేశారు. అప్పుడు చూరును అడుగు, అడుగున్నరకు కుదించేశారు. పాత చూరు రెండున్నర అడుగులు ఉండేది. చూరు తగ్గితే పైనుంచి పడే ధార గోడ పక్కనే పడి, చిందిన నీళ్లు అడుగున్నర ఎత్తు దాకా గోడను తడుపుతాయి. అది చూడ్డానికి అచ్చం కింద నుంచి ఎక్కిన నెమ్ములాగే ఉంటుంది.

ఒక్క అంగుళం వాన పడితే 500 చదరపు అడుగుల కప్పు మీద నుంచి దాదాపు 1180 లీటర్లు దిగుతాయి. ఇదంతా గోడ మొదట్లో పడుతోందా, పైపులో పోతోందా అన్నది పెద్ద తేడా. 6 అంగుళాల అరగొట్టం చూరు పొడవునా బిగించండి. 10 అడుగులకు ముప్పావు అంగుళం వాలు, రెండడుగులకో కొక్కెం, 400 నుంచి 500 చదరపు అడుగుల కప్పుకు ఒక 4 అంగుళాల దింపుడు పైపు. దాని కింది కొస గోడ దగ్గర వదలకుండా కనీసం 4 అడుగుల అవతలికి తీసుకుపోవాలి. ఈ మొత్తం పనిలో తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే, వానాకాలంలోనే చేయించుకోవచ్చు కూడా.

మిద్దె మూల నల్లబడటానికి పిట్టగోడ కారణం కావచ్చు. పిట్టగోడ పైన పగుళ్లు, అందులో రావి మొక్క, తూము నోట్లో ఆకులు, ఇవి మూడూ చూడండి. రావి మొక్కను కోస్తే మళ్లీ చిగురిస్తుంది. వేరు దిగిన రెండు మూడు వరసల ఇటుకలు విప్పి, వేరు మొత్తం లాగి, సున్నంతో మళ్లీ కట్టించాలి. పిట్టగోడ పై పూతకు లోపలి వైపు వాలు ఉండాలి. మిద్దె తలమూ పిట్టగోడా కలిసే మూల వెంట 3 అంగుళాల ఏటవాలు పూత పెట్టించండి, నీరు నిలిచేది అక్కడే. తూము గొట్టం గోడ ముఖం దాటి ఒక అడుగైనా బయటికి ఉండాలి.

కొందరు తూములు మూసి మిద్దె మీద నీళ్లు నిలబెట్టి పరీక్ష చేయమంటారు. మీది కర్ర దూలాల మిద్దె అయితే అది చేయకండి. 12 అడుగుల చదరం గది మీద 2 అంగుళాల నీళ్లు నిలబెడితే 680 కిలోల దాకా బరువు. దూలాల కొసలు పుచ్చి ఉంటే ప్రమాదం. గొట్టంతో ముందు మిద్దె తలం, తర్వాత మూల, ఆఖరున పిట్టగోడ, ఇలా కింద నుంచి పైకి ఒక్కోచోటా అరగంట నీళ్లు చల్లి, లోపల ఎప్పుడు తడి వచ్చిందో చూసుకోండి. ఏ చోట చల్లినప్పుడు వచ్చిందో తప్పు అక్కడే.


కొత్తవీధి_పాతిల్లు

చాలా థాంక్స్ అండి. బోర్డు కనెక్షన్ తీయించాం. చూరు కొలిస్తే వీధి వైపు అడుగు మీద 2 అంగుళాలు, మీరన్నట్టే రేకులే. కాలువ పరీక్ష చేస్తే నీళ్లు నాలుగు వేళ్లు దిగాయి. తాపీ_గంజాం మాస్టారూ, సిమెంటు తీశాక మళ్లీ ఏం పూయాలి, ఎంత సామాను కావాలి, కొలతలతో చెప్పగలరా? ఇక్కడి మేస్త్రీలకు సున్నం పని అలవాటు తప్పింది. బెజ్జాల మందు గురించి కూడా ఎవరైనా చెప్పండి.


తాపీ_గంజాం

చెబుతాను, కాస్త పొడవు అవుతుంది.

ప్లాస్టరు కొట్టేశాక ఇటుకల సందులు ముప్పావు అంగుళం లోతు గీకండి. తేలిన ఉప్పును పొడి బ్రష్‌తో కింద పరిచిన పట్టా మీదికి దులిపి బయట పారేయాలి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి తిరిగి గోడలోకే పోతుంది. యాసిడ్‌తో కడగమనే వాళ్లుంటారు, అసలు వద్దు. యాసిడ్ సున్నాన్ని తినేసి, పైగా కొత్త లవణాన్ని గోడలో వదిలిపెడుతుంది. వారానికోసారి దులపండి. మొదట్లో దట్టంగా తేలుతుంది, తర్వాత పల్చబడుతుంది. పొడిపొడిగా రాలిపోతున్న ఇటుకలుంటే ఒక్కొక్కటిగా తీసి పాత ఇటుకతోనే, సున్నంతోనే మార్చండి. పక్కపక్కవి రెండు ఒకేసారి తీయకండి.

ఇటుక గోడ ఆరడానికి మందం అంగుళానికి నెల చొప్పున పడుతుందని మోటు లెక్క. మీ 15 అంగుళాలకు ఏడాది పైమాటే. అంతకాలం గోడను బోసిగా ఉంచక్కర్లేదు, సున్నపు పూత కింద కూడా గోడ ఆరుతూనే ఉంటుంది. రెండు మూడు నెలలు గాలి తగలనిస్తే చాలు.

పాళ్లు: సున్నం ముద్ద 1, సుర్ఖీ (ఇటుక పొడి) 1, ఇసుక 2. మీది 30 అడుగులు × 5 అడుగులు, 150 చదరపు అడుగులు. 20 మి.మీ. మందానికి 10 ఘనపుటడుగులు, సందులకూ వృథాకూ పావు వంతు కలిపితే 12 దాటుతుంది. దీనికి ఇసుక 8, సుర్ఖీ 4, సున్నం ముద్ద 4 ఘనపుటడుగులు తీసుకోండి. ముద్ద ఇసుక సందుల్లోకి సర్దుకుంటుంది కాబట్టి కలిపాక 16 కాదు, 12 చిల్లరే వస్తుంది. 4 ఘనపుటడుగుల ముద్దకు కాల్చిన సున్నపురాయి 60 నుంచి 70 కిలోలు పడుతుంది, కాలని గడ్డలు ఎక్కువుంటే ఇంకొంచెం.

సున్నం చల్లార్చేటప్పుడు జాగ్రత్త. ఇనప డ్రమ్ములో ముందు నీళ్లు పోసి, అందులోకి రాళ్లు కొద్దికొద్దిగా వేయాలి. రాళ్ల మీద నీళ్లు పోయకూడదు, ఒక్కసారిగా ఉడికి ఎగజిమ్ముతుంది. కళ్లద్దాలు, రబ్బరు చేతొడుగులు తప్పనిసరి, పిల్లల్ని ఆ ఛాయలకు రానివ్వకండి. కంట్లో పడితే వెంటనే మంచినీళ్లతో 20 నిమిషాలు ఆపకుండా కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చల్లారిన పాలను సన్న జల్లెడలో వడకట్టి, పైన రెండంగుళాల నీరు నిలిచేలా కనీసం రెండు వారాలు నాననివ్వండి. నెల ఉంచితే ఇంకా మెత్తగా సాగుతుంది. చల్లారని రవ్వలు మిగిలితే పూతలోకి వెళ్లాక ఉబ్బి గుంటలు పడతాయి, అందుకే ఈ ఓపిక.

సుర్ఖీ దొరకకపోతే మెత్తగా కాలిన ఇటుకలు దంచి జల్లించుకోండి. బాగా నల్లగా మాడిన ఇటుక పనికిరాదు, అది సున్నంతో కలిసి గట్టిపడదు. ఇసుక మహేంద్రతనయ లేదా వంశధార ఏటిది తీసుకోండి. సముద్రం పక్క ఇసుక చవగ్గా దొరికినా దాంతో ఉప్పును డబ్బిచ్చి ఇంటికి తెచ్చుకున్నట్టే. గాజు సీసాలో సగం ఇసుక, పైన నీళ్లు పోసి కుదిపి కొన్ని గంటలు కదపకుండా ఉంచండి. పైన తేరిన మట్టి పొర ఇసుక ఎత్తులో 8 శాతం దాటితే కడిగి వాడండి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే కలపడానికి అవి కూడా వద్దు.

బెల్లం, కరక్కాయ నీళ్లు వేయాలా అని మేస్త్రి అడగొచ్చు. పైకప్పు గచ్చుకు వాటి అవసరం వేరు. లోపలి చెమ్మ గోడకు తీపి పదార్థం కలిపితే బూజుకు తిండి పెట్టినట్టవుతుంది. వద్దు.

ముందు రోజు సాయంత్రం, పొద్దున్నా గోడను పల్చగా తడపండి, కారేలా కాదు. మొదటి పూత 10 నుంచి 12 మి.మీ., చెక్కతో గట్టిగా అదిమి, దాని మీద అడ్డదిడ్డంగా గీతలు గీయాలి. వారం పది రోజులు ఆగి రెండోది 8 మి.మీ. మర్నాడు సన్న పగుళ్లు వస్తాయి, అవి తప్పు కాదు, పచ్చిగా ఉండగానే చెక్కతో అదిమితే మూసుకుపోతాయి. వారం రోజులు తడి గోనెపట్టాలు వేలాడదీయండి. పూత కింది అంచు నేలకు తగలకూడదు, ఒక అంగుళం ఎడం వదిలేయాలి. లేకపోతే నేల తడిని పూతే పైకి లాగుతుంది. నునుపు కోసం పైన సిమెంటు పాలు రుద్దే అలవాటు చాలామంది మేస్త్రీలకుంది. పక్కన నిలబడి వద్దనండి. ఆ ఒక్క పొరతో మొత్తం పని వృథా.

రంగు కూడా వెల్లే. పాలలా పల్చగా కలిపి నాలుగు చేతులు వేయాలి, ఒక్కోదానికి ఒక రోజు ఎడం. రంగు కావాలంటే ఆక్సైడ్ పొడి కలుపుకోండి. ఎమల్షన్, డిస్టెంపర్, లప్పం ఏవీ ఈ 5 అడుగుల్లోకి రాకూడదు.

ఇంకో విషయం. గోడలో మిగిలిన ఉప్పు మొదటి రెండు మూడేళ్లు ఈ కొత్త పూతలోకి తేలుతుంది. అక్కడక్కడా రాలొచ్చు. అలా రాలడమే ఆ పూత పని. రాలిన చోట గీకి మళ్లీ పూయించుకోవాలి. ఇటుక బాగుండాలంటే పూత పోవాలి.


సివిల్_రాయగడ

బెజ్జాల మందు గురించి. అది పనిచేసే పద్ధతే, మోసం కాదు. కానీ మీ గోడకు ఇప్పుడే వద్దంటాను. సిలేన్ క్రీమ్ (గోడలోకి పాకి, నీళ్లు పైకి ఎక్కకుండా అడ్డుగీత కట్టే మందు) అయితే బయటి నేలకు 6 అంగుళాల పైన, ఒకే సందు వరసలో 12 మి.మీ. బెజ్జాలు 12 సెంటీమీటర్ల ఎడంతో వేస్తారు. లోతు గోడ మందం కన్నా 4 సెంటీమీటర్లు తక్కువ, మీకు 34 సెంటీమీటర్లు. ఒక్కో బెజ్జంలో 38 మి.లీ. పడుతుంది, 30 అడుగులకు 76 బెజ్జాలు, దాదాపు 3 లీటర్లు, వృథాతో కలిపి మూడుంపావు. ఎవరైనా లీటరు మందుతో మీ గోడ మొత్తం చేస్తానంటే ఈ లెక్క చూపించండి.

ఇబ్బంది ఎక్కడంటే, 15 అంగుళాల పాత గోడల్లో లోపలి భాగం ముక్క ఇటుకలతో నింపి, బోలుగా వదిలేసి ఉండొచ్చు. మందు ఆ బోలులోకి కారిపోతుంది, గీత కలవదు. ఒక బెజ్జంలో నీళ్లు పోసి చూడండి. గుటుక్కున మాయమైతే లోపల ఖాళీ ఉన్నట్టు, ముందు పల్చటి సున్నం కూరి మళ్లీ డ్రిల్ చేయాలి. రెండోది, మీ బయటి నేల లోపలి నేలకు 4 అంగుళాలే కింద. బెజ్జాల వరస లోపలి నేలకు 2 అంగుళాల పైన వస్తుంది. దాని కింద ఉన్న గోడా నేలా తడిగానే ఉంటాయి. మూడోది, మందు వేసినా ఉప్పు పోదు, పూత ఎలాగూ మార్చాల్సిందే.

కాబట్టి డబ్బు కాలువ మీద పెట్టండి. మున్సిపాలిటీకి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, మీ గోడ వెంట కాలువ శుభ్రం చేయించి, లోపల 1:3 సిమెంటు పూత 20 మి.మీ., బస్తాకు 200 మి.లీ. వాటర్‌ప్రూఫ్ ద్రావణం కలిపి వేయించుకోండి. వాటర్‌ప్రూఫ్ సిమెంటుకు సరైన చోటు కాలువ, ఇంటి గోడ కాదు. కాలువ గోడకూ ఇంటి గోడకూ మధ్య మట్టి ఉంటే తీసేసి కంకర నింపి, పైన రాతిపలక కాలువ వైపు వాలుగా పెట్టించండి.

పెరటి వైపు నేలను లోపలి నేల కన్నా కనీసం 6 అంగుళాలు కిందికి దించండి. గోడ పక్కన అడుగు వెడల్పు, అడుగున్నర లోతు కందకం తీసి జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్లను పోనిచ్చి మట్టిని ఆపేది) పరిచి, 20 మి.మీ. కంకర, అందులో బెజ్జాల 4 అంగుళాల పీవీసీ పైపు బెజ్జాలు కిందికి ఉండేలా పెట్టండి. వాలు 100కు 1, అంటే 30 అడుగులకు మూడున్నర అంగుళాలు. కందకం అడుగు పునాది అడుగు కన్నా కనీసం 6 అంగుళాల పైనే ఉండాలి. ముందు ఒకచోట గుంట తీసి పునాది లోతు చూసుకోండి. 5 అడుగుల ముక్కలుగా, ఒకటి వదిలి ఒకటి తవ్వాలి. పైపు కొస బయటపడటానికి పల్లం లేకపోతే ఈ కందకమే వద్దు, గోడ పక్కన తొట్టి కట్టినట్టవుతుంది.


చూరునీళ్లు

పెరటి వైపు గోడ చుట్టూ 3 అడుగుల సిమెంటు గచ్చు వేయిస్తే సులువు కదా సార్? 50కి 1 వాలు పెడితే వాన నీళ్లు దూరంగా పోతాయి.


సివిల్_రాయగడ

పైనుంచి పడే నీళ్లకు అది మంచిదే. కానీ గోడ పక్క నేల ఆరే దారి కూడా అదే మూసేస్తుంది. అప్పుడు గచ్చు కింది తడికి గోడ ఒక్కటే దారి. ఇంట్లో పాత గచ్చు తీసి, కింద ప్లాస్టిక్ షీటు పరిచి విట్రిఫైడ్ టైల్స్ వేసిన ఇళ్లలో గోడలు ఉన్నట్టుండి నెమ్మెక్కడానికి కారణం కూడా ఇదే. చూరుకు గొట్టం పెట్టాక గచ్చు అవసరం తగ్గుతుంది. పెట్టాల్సే వస్తే గోడకు అడుగు ఎడం వదిలి, ఆ అడుగులో కంకర పోసి, ఆ తర్వాత గచ్చు మొదలుపెట్టండి.


కొత్తవీధి_పాతిల్లు

చివరిగా ఒకటి అడుగుతాను, విసుక్కోకండి. ఇప్పుడు వానలు నడుస్తున్నాయి. ఏది ఎప్పుడు మొదలుపెట్టాలి?


తాపీ_గంజాం

విసుగేముందండి. చూరు గొట్టం, మిద్దె తూములు, కాలువ అర్జీ ఇప్పుడే. డ్రిల్ నమూనాలు కూడా ఇప్పుడే తీయండి, గోడ బాగా తడిగా ఉన్నప్పటి అంకె మీ దగ్గర ఉండాలి. సున్నం అక్టోబరులో నానబెట్టేయండి. తుపాన్ల భయం తగ్గాక, నవంబరు మధ్యలో ప్లాస్టరు కొట్టించి, కాలువ, కందకం పనులు ఆ నెలలోనే ముగించండి. డిసెంబరు, జనవరి గోడకు గాలి. మధ్యాహ్నం కిటికీలు తెరిచి, ఫ్యాను గోడ వైపు తిప్పండి, బీరువాలు నాలుగంగుళాలు ముందుకు జరపండి. ఫిబ్రవరిలో పూత, మార్చిలో వెల్ల. ఏప్రిల్, మే ఎండల్లో సున్నం పూయకండి, గట్టిపడే లోపే ఎండిపోయి పొడి రాలుతుంది.

వచ్చే ఏడాది ఇదే నెలలో, పాత బెజ్జాలకు నాలుగంగుళాల పక్కన, అవే ఎత్తుల్లో మళ్లీ నమూనాలు తీసి ఇక్కడ పెట్టండి. 2 అడుగుల దగ్గర అంకె కనీసం సగానికి దిగకపోతే అప్పుడు బెజ్జాల మందు గురించి మాట్లాడదాం.